పొగ వెంట నడిచిన మంట

నిన్న రాత్రి కరెంటు పోయింది. సొరుగులో తడిమితే బొటనవేలంత కొవ్వొత్తి ముక్క దొరికింది. వెలిగించి, రెండు చుక్కల మైనం బల్ల మీద రాల్చి, అందులో దాన్ని నిలబెట్టాను. అరగంటకు కరెంటు వచ్చింది. వంగి ఊదేశాను. అప్పుడు వచ్చింది ఆ వాసన.

కాలిన వత్తి, కరిగిన మైనం కలిసిన వాసన అది. ముక్కుకు కాస్త ఘాటుగా తగులుతుంది. ఎవరికైనా అది కొవ్వొత్తి ఆరిన వాసనే, నాకు మాత్రం సైన్సు పీరియడు వాసన. బడి విడిచి చాలా కాలమైంది. పిల్లల పేర్లు సగానికి పైగా మరిచిపోయాను, ముఖాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అయినా ఆ పొగ తగలగానే పొడవాటి లాబ్ గది, నాలుగు బల్లలు, నేల మీద స్టూళ్ళు లాగే చప్పుడు, "టీచర్, ముందు మా బల్ల దగ్గరికి రండి" అనే కేకలు అన్నీ ఒక్కసారిగా లేచి వచ్చాయి.

* * *

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు తెలిసింది పాఠం చెప్పడం ఒక్కటే. గొంతు పెద్దది. చేతిరాత బాగుంటుంది. నల్లబల్ల మీద బొమ్మలు పుస్తకంలో ఉన్నట్టే వేసేదాన్ని. పిల్లలు తలలు వంచుకుని ఎక్కించుకునేవారు. ప్రయోగం అంటే అందరూ నా బల్ల చుట్టూ మూగడం, నేను చేయడం. ముందు వరుసవాళ్ళకు నా చేతులు కనిపించేవి, వెనక వరుసవాళ్ళకు ముందువాళ్ళ తలలు కనిపించేవి.

రికార్డు పుస్తకాలది ఇంకో తమాషా. ఉద్దేశం, కావలసిన పరికరాలు, విధానం, పరిశీలన, నిర్ధారణ. ప్రతి శీర్షిక కింద స్కేలుతో గీసిన గీత. సోమవారం చేయాల్సిన ప్రయోగానికి ఆదివారమే నిర్ధారణ రాసి తెచ్చేవారు. ఒకసారి ల్యాంపుల్లో స్పిరిట్ అయిపోయి ప్రయోగమే జరగలేదు. సంతకానికి వచ్చిన పుస్తకాలన్నింటిలోనూ "నీరు మరుగుట గమనించితిమి" అని ఉంది. నేను అన్నింటికీ సంతకం పెట్టాను. గొప్పగా చెప్పుకొనే సంగతి కాదు, కానీ పెట్టాను.

ఇది మారింది ఏ శిక్షణ తరగతికో వెళ్ళడం వల్ల కాదు. ఒకరోజు పాఠం సిద్ధం చేసుకోకుండా వెళ్ళడం వల్ల.

ముందు రాత్రి ఇంట్లో ఒకరికి జ్వరం, నాకు నిద్ర లేదు. బీరువాలో చేతికి అందిన కొవ్వొత్తుల పెట్టె తీసి, నలుగురికి ఒకటి చొప్పున ఇచ్చి, "వెలిగించండి. తెలిసింది రాయొద్దు, చూసింది రాయండి" అన్నాను. ఆ గంట గడిచిపోతే చాలన్నదే నా ఆలోచన.

మొదటి ఐదు నిమిషాలు అందరూ తెలిసిందే రాశారు. "ఆక్సిజన్ దహనమునకు తోడ్పడును." బల్లల మధ్య తిరుగుతూ, "ఆక్సిజన్ కనిపించిందా? ఏ రంగులో ఉంది?" అని అడిగాను. నవ్వులు, కొట్టివేతలు. తర్వాత గది నెమ్మదించింది. మంట అడుగున నీలం ఉందని ఒకరు రాశారు. మంటకూ వత్తికీ మధ్య చీకటి జాగా ఉందని ఒకరు. వత్తి కొన వంగి మంట అంచుకు వచ్చిన చోట మాత్రమే ఎర్రగా కణకణలాడుతోందని ఇంకొకరు. వత్తి చుట్టూ మైనం చిన్న గిన్నెలా గుంటపడిందట, కరిగింది అందులో నిలుస్తోందట, బయటికి ఒలకడం లేదట. ఒక పిల్లవాడు గాజు పలకను మంటలో ఒక క్షణం ఉంచి తీసి, దాని మీది మసి నాకు చూపించాడు. "ఇంత తెల్లటి మైనంలో ఇంత నలుపు ఎక్కడ దాక్కుంది టీచర్?" అన్నాడు. అన్నేళ్ళుగా కొవ్వొత్తి పాఠం చెబుతున్న నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు.

అంతలో చివరి బల్ల దగ్గర ఒక అమ్మాయి కెవ్వుమంది. జుట్టు అంటుకుందేమోనని పరుగెత్తాను. ఏమీ కాలేదు. ఊదేసిన కొవ్వొత్తిని మళ్ళీ వెలిగించబోయిందట. అగ్గిపుల్ల ఇంకా వత్తి దాకా పోలేదట, పైకి లేస్తున్న పొగకు తగిలిందట. మంట ఆ పొగ వెంట కిందికి దిగి వత్తిని అంటుకుందట. పక్క బల్లవాళ్ళు అబద్ధమన్నారు. మళ్ళీ చేసి చూపించమన్నారు. రెండుసార్లు రాలేదు. పాపం, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడోసారి వచ్చింది. ఆ తర్వాత అన్ని బల్లల మీదా అదే పని, గది నిండా ఆ వాసన.

ఆ తెల్లటి పొగ మసి కాదు. ఆవిరైన మైనం చల్లబడి సన్నని తుంపరగా మారితే అలా కనిపిస్తుంది. కొవ్వొత్తికి అసలు ఇంధనం ఆ మైనపు ఆవిరే. ఇది చెప్పడానికి అంతకు ముందు నాకు ఒక పీరియడు పట్టేది, చెప్పాక కూడా ఎవరూ నమ్మినట్టు ఉండేది కాదు. ఆరోజు వాళ్ళే అడిగారు: "అయితే మండేది వత్తి కాదా? పొగా?"

మైకేల్ ఫారడే 1860 చివర్లో మొదలుపెట్టి 1861 జనవరి దాకా లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడని, ఆరింటికీ విషయం ఒక్క కొవ్వొత్తేనని, ఈ పొగ విద్య కూడా ఆయన వాళ్ళకు చూపించాడని నాకు తర్వాత తెలిసింది. పుస్తకాలకు అట్టలు కుట్టే పనిలో కుర్రవాడిగా చేరి సైన్సులోకి వచ్చిన మనిషి ఆయన. మా చివరి బల్ల అమ్మాయికి ఇది చెబితే, "ఆయనకు ఎన్నోసారి వచ్చింది?" అని అడిగింది.

* * *

కొవ్వొత్తులతోనే నా పరువు కూడా పోయింది. అది కూడా చెప్పాలి.

పళ్ళెంలో రంగు నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలిపి, వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లిస్తే మంట ఆరిపోతుంది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం, అది కాలిపోయింది కాబట్టి ఆ ఖాళీలోకి నీళ్ళు వచ్చాయి, సుమారు ఐదో వంతు. ఇది నేను చదువుకున్న జవాబు. ఏటా చెప్పిన జవాబు. పరీక్షలో అడిగి మార్కులు వేసిన జవాబు.

ఒక ఏడాది ఒక పిల్లవాడు లేచాడు. అతను పుట్టుకతోనే అడ్డు మనిషి. "గ్లాసు అదే, గాలి అంతే, ఆక్సిజన్ అంతే. మూడు కొవ్వొత్తులు పెట్టినా నీళ్ళు అంతే ఎక్కాలి కదా?"

"అంతే ఎక్కుతాయి" అన్నాను ధీమాగా.

పెట్టారు. ఒక్క కొవ్వొత్తితో ఎక్కిన గీత దాటి నీళ్ళు చాలా పైకి వెళ్ళాయి. "గ్లాసు సరిగా బోర్లించి ఉండరు" అన్నాను. మళ్ళీ చేశారు. అంతకన్నా ఎక్కువ ఎక్కాయి. "ఇప్పటికి ఆపండి, సిలబస్ వెనకబడింది" అన్నాను. సిలబస్ అనే మాట ఎంత అక్కరకు వస్తుందో ఉపాధ్యాయులకే తెలుసు.

ఆ రాత్రి వంటింటి గట్టు మీద పళ్ళెం పెట్టుకుని ఒక్కదాన్నే చేశాను. అన్నేళ్ళలో మొదటిసారి చూశాను. గ్లాసు బోర్లించేటప్పుడే దాని అంచు కింద నుంచి బుడగలు బయటికి పోతున్నాయి. మంట వెలుగుతున్నంతసేపు నీళ్ళు పెద్దగా ఎక్కడం లేదు. మంట ఆరిన తర్వాత ఒక్క ఊపులో ఎక్కుతున్నాయి. ఆక్సిజన్ ఖర్చు కావడమే కారణమైతే మంట వెలుగుతుండగానే కొంచెం కొంచెంగా ఎక్కాలి కదా. అసలు జరిగేది వేరు. మంట వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలింది చల్లబడి ముడుచుకుంటుంది, లోపలి నీటి ఆవిరి కూడా గాజు మీద తడిగా పేరుకుంటుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్ళను లోపలికి నెడుతుంది. కాలిన ఆక్సిజన్ స్థానంలో కార్బన్ డై ఆక్సైడ్ వచ్చి చేరుతుంది. పైగా ఆక్సిజన్ మొత్తం అయిపోకముందే కొవ్వొత్తి ఆరిపోతుంది. మూడు కొవ్వొత్తులైతే వేడి ఎక్కువ, పోయే గాలి ఎక్కువ, ఎక్కే నీళ్ళు ఎక్కువ. ఐదో వంతుకు దగ్గరగా రావడం ఉత్త కాకతాళీయం. ఆ కాకతాళీయమే ఇన్ని తరగతుల్ని మోసం చేసింది.

మర్నాడు నల్లబల్ల మీద పాత జవాబు రాసి, అడ్డంగా గీత కొట్టి, "ఇన్నేళ్ళుగా నేను చెప్పింది తప్పు" అన్నాను. గది గప్‌చుప్‌గా అయిపోయింది. చాలా గంభీరమైన ఘట్టం అనుకున్నాను. వెనక నుంచి ఒక గొంతు: "మరి పోయిన పరీక్షలో దానికి వేసిన మార్కులు తీసేస్తారా టీచర్?"

తీసేయలేదు. ఆ బుడగల సంగతి మాత్రం నేను చెప్పలేదు. "గ్లాసు అంచు చూడండి" అన్నాను, అంతవరకే. చెప్పేయాలని నాలుక దురద పెట్టింది. పది నిమిషాలకు ఒక బల్ల వాళ్ళు పట్టుకున్నారు.

* * *

జట్లుగా పని చేయించడం నేను అనుకున్నంత తేలిక కాదు. నలుగురిని ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే జట్టు అవుతుందనుకున్నాను. బాగా చదివే పిల్లవాడు చేసేవాడు, చేతిరాత బాగున్న అమ్మాయి రాసేది, మిగిలిన ఇద్దరు కిటికీలోంచి మైదానం చూసేవారు. అమ్మాయిలు రాయడం, అబ్బాయిలు పరికరాలు పట్టుకోవడం ఎవరూ పెట్టని రూలు. ఎవరూ పెట్టలేదు కాబట్టే అది ఎక్కువ బలంగా నడిచేది.

అందుకని నాలుగు పనులు పెట్టాను. ఒకరు సామాను చూస్తారు, ఒకరు కొలుస్తారు, ఒకరు రాస్తారు, నాలుగో మనిషి అడ్డు ప్రశ్నలు వేస్తారు. వారం వారం పనులు మారతాయి. నాలుగో పనికి పిల్లలే 'అడ్డు' అని పేరు పెట్టారు. "ఈ వారం మాకు అడ్డు ఎవరు టీచర్?" అని అడిగేవారు. అడ్డు ఒప్పుకోనిదే నిర్ధారణ రాయకూడదన్నది రూలు. రోజూ మాటకు మాట చెప్పి తిట్లు తినే పిల్లలకు ఆ వారం పండగే. మరీ నెమ్మదస్తులకు మాత్రం అది శిక్షలా ఉండేది. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి తన వంతు వచ్చిన వారం మూడు రోజులు ఏమీ అడగలేదు. నాలుగో రోజు, "ఎన్నిసార్లు కొలిచారు?" అంది మెల్లగా. ఒక్కసారే కొలిచారట. మళ్ళీ కొలవాల్సి వచ్చింది. ఆ వారమంతా అదే ప్రశ్న అడిగింది. అన్ని బల్లలకూ పనికొచ్చే ప్రశ్న.

లోలకం పాఠం నాకు బాగా గుర్తుంది. దారానికి ఇనుప నట్టు కట్టి ఊపి, ముప్ఫై సెకన్లలో ఎన్ని డోలనాలో లెక్కపెట్టడం. ప్రశ్న ఒక్కటే: దేన్ని మారిస్తే లెక్క మారుతుంది? బరువు పెంచితే మారుతుందని చెయ్యెత్తని పిల్లలు లేరు.

మొదటి గొడవ లెక్క దగ్గరే వచ్చింది. 25 సెంటీమీటర్ల దారానికి ఒక బల్ల వాళ్ళకు 30 వచ్చింది, పక్క బల్ల వాళ్ళకు 60. ఎవరిది తప్పన్న దాని మీద కొట్టుకునేదాకా పోయింది. వీళ్ళు వెళ్ళి రావడాన్ని ఒకటిగా లెక్కపెట్టారు, వాళ్ళు వెళ్ళడం ఒకటి, రావడం ఒకటి అన్నారు. 'ఒక డోలనం' అంటే ఏమిటో నిర్వచనం పుస్తకంలో ఉంది. అది ఎందుకు ఉందో ఆ గొడవలో తెలిసింది.

తర్వాత ఒక్కో నట్టు పెంచారు. మూడు బల్లల వాళ్ళకు లెక్క మారలేదు. నాలుగో బల్ల వాళ్ళకు మారింది. ఒక నట్టుకు 30, నాలుగింటికి 28, ఆరింటికి 27. బరువు పెరిగితే లోలకం నెమ్మదిస్తుందని గట్టిగా రాసుకున్నారు. మళ్ళీ చేశారు, అవే అంకెలు. మిగతా తరగతి నవ్వింది. నాకూ అర్థం కాలేదు. 'లెక్క తప్పు పెట్టారు' అనబోయి, గ్లాసు, నీళ్ళు గుర్తొచ్చి ఆగిపోయాను. ఆ బల్లకు ఆ వారం అడ్డుగా ఉన్న పిల్లవాడు నేల మీద కూర్చుని కింది నుంచి పైకి చూస్తున్నాడు. చాలాసేపటికి అన్నాడు: "మనం నట్లు ఒకదాని కింద ఒకటి కట్టాం. వాళ్ళు అన్నీ ఒకే చోట గుత్తిగా కట్టారు."

బరువు పెంచుతున్నామనుకుంటూ వాళ్ళు పొడవు పెంచారు. నట్టుకు నట్టు వేలాడదీస్తే బరువు మధ్యభాగం కిందికి జారుతుంది. దారం మారలేదు, లోలకం పొడవు మారింది. మిగతా తరగతి నవ్వు ఆగిపోయింది. అప్పటిదాకా ముడి నుంచి నట్టు పైఅంచు దాకా కొలిచినవాళ్ళంతా గబగబా తమ కొలతలు దిద్దుకున్నారు. పొడవును నాలుగు రెట్లు చేసి మీటరు చేస్తే 30 కాస్తా 15 అయింది. రెట్టింపు కాలం కావాలంటే నాలుగు రెట్ల పొడవు ఎందుకని అడిగారు. అది పై తరగతిలో అన్నాను. అప్పుడప్పుడు అలా తప్పించుకోవడం తప్పలేదు.

* * *

నాకు అన్నిటికన్నా కష్టమైంది మౌనం. ప్రశ్న అడిగి ఊరుకోవడం. మేరీ బడ్ రో అనే అమెరికన్ సైన్సు విద్యావేత్త తరగతుల్లో రికార్డు చేసిన సంభాషణలను విని, టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం మామూలుగా ఒక్క సెకను కూడా ఆగడం లేదని గమనించింది. దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పొడవుగా వస్తాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు మాట్లాడతారు, పిల్లలు తమంతట తాము ప్రశ్నలు వేస్తారు. ఇది చదివి నవ్వుకున్నాను. మూడు సెకన్లు ఒక లెక్కా అని.

మర్నాడు ప్రయత్నించాను. ప్రశ్న అడిగి, చేతిలోని సుద్దముక్కను వేళ్ళ మధ్య ఒక్కో చుట్టు తిప్పుతూ మనసులో లెక్కపెట్టాను. ఒకటి. పంకా చప్పుడు వినిపించింది. రెండు. ఎవరో దగ్గారు. మూడు చాలా దూరంగా ఉంది. దాన్ని చేరకముందే నేనే జవాబు చెప్పేశాను. నోటిని కట్టేసుకోవడానికి నాకు దాదాపు ఒక ఏడాది పట్టింది. పిల్లలు కనిపెట్టేశారు కూడా. "టీచర్ సుద్దముక్క తిప్పుతున్నారు, ఇది పుస్తకంలో లేని ప్రశ్న" అని గుసగుసలు.

అందరూ మెచ్చుకోలేదు. పక్క గది ఉపాధ్యాయుడు గోల భరించలేక తలుపు వేసుకునేవారు. మా ప్రధానోపాధ్యాయులు ఒకసారి గుమ్మంలో నిలబడి, "పాఠం ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగారు. అప్పటికి పాఠం సగం అయింది. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఒకసారి బల్లకు రెండు అయస్కాంతాలు ఇచ్చి, "మీకు తోచింది కనుక్కోండి" అని వదిలేశాను. నలభై నిమిషాలు ఆడుకున్నారు, ఒకటి విరగ్గొట్టారు, ఏమీ కనుక్కోలేదు. తప్పు నాది. ప్రశ్న లేకుండా పిల్లల్ని వదిలేస్తే అది అన్వేషణ కాదు, అల్లరి. ప్రశ్న చిన్నదిగా ఉండాలి, చేతికి అందేలా ఉండాలి, జవాబు మాత్రం వెంటనే దొరక్కూడదు. అలాంటి ప్రశ్న వెతకడానికి నాకు ఒక్కోసారి ఆదివారమంతా పట్టేది. చెప్పే పాఠానికి అంత కష్టం లేదు, పుస్తకం తెరిస్తే చాలు.

* * *

అలా వెతకగా దొరికిన మంచి ప్రశ్న ఒకటి: గడియారం చూడకుండా ఒక నిమిషం కొలవండి. వారం గడువు ఇచ్చాను.

లోలకం తెచ్చినవాళ్ళు ఉన్నారు, ఇసుక నింపినవాళ్ళు ఉన్నారు, నాడి పట్టుకుని లెక్కపెట్టి, మెట్లెక్కి వచ్చిన వాడి నాడితో లెక్క తప్పి బిక్కమొహం వేసినవాళ్ళూ ఉన్నారు. రెండు బల్లల వాళ్ళు సీసాకు అడుగున రంధ్రం పెట్టి నీటి గడియారం చేశారు. సీసా మీద సమాన దూరాల్లో గీతలు గీశారు. మొదటి గీత నుంచి రెండో గీతకు నీళ్ళు గబగబా దిగాయి, చివరి గీతకు వచ్చేసరికి నీరసించాయి. నీటి మట్టం తగ్గితే రంధ్రం దగ్గర ఒత్తిడి తగ్గుతుంది, ధార సన్నబడుతుంది.

ఒక బల్ల వాళ్ళు గీతల్నే మార్చారు, పైన ఎడంగా, కిందికి వచ్చేకొద్దీ దగ్గరగా. నిమిషానికో గీత, చూడడానికి నిచ్చెన విరిగినట్టుంది, పని మాత్రం చేసింది. రెండో బల్ల వాళ్ళకు అది నచ్చలేదు. గీతలు వంకర కాకూడదు, నీళ్ళే బుద్ధిగా ఉండాలన్నారు. రెండు రోజులు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు కూడా, ఎందుకో నాకు చెప్పలేదు. మూడో రోజు పై సీసాకు పక్కన, అంచుకు కొంచెం కింద ఇంకో రంధ్రం పెట్టి తెచ్చారు. పైనుంచి నీళ్ళు ఎప్పుడూ పోస్తూనే ఉంటారు, ఎక్కువైంది ఆ పక్క రంధ్రం నుంచి పోతుంది, మట్టం మారదు, అడుగున ధార మారదు. కింద ఇంకో గ్లాసులో పడిన నీళ్ళను కొలుస్తారు. అక్కడ గీతలు సమానంగా వచ్చాయి. ఆలోచన ఎవరిది అని అడిగితే నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరు పోస్తూ ఉండాలని అన్నారట, ఇంకొకరు పొంగిపోతుందని అడ్డు చెప్పారట, మూడో మనిషి "పొంగనీ" అన్నారట. ఎవరిదని చెప్పాలి?

రెండు వేల ఏళ్ళకు పైగా ముందే అలెగ్జాండ్రియాలో క్టెసిబియస్ అనే ఆయన తన నీటి గడియారానికి మట్టం మారకుండా ఇదే ఉపాయం చేశాడని చెప్పాను. ముఖాలు వెలుగుతాయనుకున్నాను. ఒకడు నిట్టూర్చి, "ముందే చెప్పి ఉంటే ఈ రెండు రోజుల పోట్లాట తప్పేది కదా టీచర్" అన్నాడు. పక్కనున్న అమ్మాయి వాడి కాలు తొక్కింది.

* * *

కథ చెప్పి మధ్యలో ఆపేయడం కూడా నాకు అలవాటైంది. వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త పెంచిన విల్లో చెట్టు కథ అలాగే చెప్పేదాన్ని. ఎండబెట్టిన 200 పౌండ్ల మట్టిని కుండీలో పోసి 5 పౌండ్ల మొక్క నాటాడు. ఐదేళ్ళు నీళ్ళు మాత్రం పోశాడు. చెట్టు 169 పౌండ్లకు పైగా తూగింది. మట్టిని మళ్ళీ ఎండబెట్టి తూస్తే తగ్గింది రెండు ఔన్సులు. మరి చెట్టు బరువు ఎక్కడిది? సుద్దముక్క తిప్పుతూ నిలబడేదాన్ని.

నీళ్ళు అనేవారు ఎక్కువమంది. ఆయనా అలాగే అనుకున్నాడు. గాలి అన్నవాళ్ళను మిగతావాళ్ళు ఎగతాళి చేసేవారు. చెట్టు గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టుకుని తన ఒంటిని కట్టుకుంటుందని తేలడానికి లోకానికి ఇంకా చాలా కాలం పట్టింది, మా తరగతికి రెండు వారాలు పట్టేది. ఒక ఏడాది మాత్రం చెయ్యెత్తిన పిల్ల జవాబు చెప్పలేదు, ప్రశ్న వేసింది: "ఐదేళ్ళలో రాలిన ఆకుల్ని కూడా తూచాడా?"

తూచలేదు. నాలుగు శరత్తుల్లో రాలిన ఆకుల బరువు లెక్కలో చేర్చలేదని ఆయనే రాసుకున్నాడు. నాకు ఆ సంగతి తెలుసు, ఎన్నోసార్లు చదివాను, కథలో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు, అనవసరమైన వివరం అనుకుని. ఆ పిల్ల ఎవరో గుర్తుందా అంటే ఉంది. అడ్డుగా మూడు రోజులు నోరు విప్పని అమ్మాయే.

* * *

పొగ మీదికి మంట దూకించే ఆట ఆ మొదటి రోజుతో ఆగలేదు. అది ప్రతి తరగతికీ ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చింది. వత్తికి ఎంత ఎత్తులో పొగను ముట్టిస్తే మంట దిగి వస్తుంది? రికార్డులన్నీ సామాను బీరువా తలుపు లోపలి వైపు సుద్దతో రాసేవారు. మొదట్లో రెండు సెంటీమీటర్లు, మూడు. తర్వాత ఒక జట్టు తొమ్మిది రాసింది. అడ్డు వచ్చి స్కేలు పెట్టి, మూడుసార్లు చేయించి, అప్పుడు రాయనిచ్చారు.

తొమ్మిది ఎలా వచ్చిందో నేను దగ్గరుండి చూశాను. ఇద్దరు రెండు వైపులా అట్టలు పట్టుకుని గాలి ఆపారు. ఒకరు నోటితో ఊదకుండా సన్నని రబ్బరు గొట్టంతో పక్క నుంచి చిటికెడు గాలి వదిలారు, పొగ చెదరకుండా దారంలా నిటారుగా లేచింది. ఇంకొకరు పుల్ల ముట్టించారు. స్కేలు చూడడానికి ఐదో మనిషిని పక్క బల్ల నుంచి అప్పు తెచ్చుకున్నారు. మంట దారం వెంట జారినట్టు దిగింది. ఎవరూ అరవలేదు, అరిస్తే మళ్ళీ పొగ చెదురుతుందని అప్పటికి అలవాటైపోయింది.

నిన్న రాత్రి లైటు తీసేసి కొవ్వొత్తి మళ్ళీ వెలిగించాను. ఊదాను. పొగ అటూ ఇటూ చెదిరిపోయింది. కిటికీ మూసి వచ్చి మళ్ళీ ఊదాను, ఈసారి పుల్ల గీసేలోగా పొగ అయిపోయింది. పుల్ల ముందే వెలిగించి పట్టుకుంటే ఊదినప్పుడు అదీ ఆరింది. నాలుగో ప్రయత్నంలో మంట దిగింది. మూడు సెంటీమీటర్లు ఉంటుంది. స్కేలు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు కాబట్టి అది కంటి అంచనాయే. అడ్డు ఉంటే బీరువా తలుపు మీద రాయనిచ్చేవారు కాదు.